పాస్‌బుక్‌లో ఉన్న కోడ్‌తో కువైట్ డబ్బులు ఎందుకు రాలేదు? స్విఫ్ట్ కోడ్ అంటే ఏంటి?

ఈరోజు మా పిన్ని వాళ్లింట్లో జరిగింది చెప్తా.

వాళ్లది పరిగి, హిందూపురం పక్కనే. తమ్ముడు కువైట్‌లో డ్రైవర్. ఇంటికి సెంట్రింగ్ అయిపోయింది, స్లాబ్ వేయడానికి డబ్బులు కావాలి. ఎప్పుడూ ఎక్స్ఛేంజ్ షాపులో పంపేవాడు, ఈసారి అక్కడి బ్యాంక్ యాప్‌లో ట్రై చేశాడు. "అమ్మా, బ్యాంక్ కోడ్ పంపు" అంటే పిన్ని పాస్‌బుక్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. యాప్ ఎన్నిసార్లు కొట్టినా "ఇన్‌వ్యాలిడ్" అంటోంది.

పాస్‌బుక్‌లో ఉన్నది ఐఎఫ్ఎస్‌సి. అది మన దేశం లోపల నెఫ్ట్, ఐఎంపీఎస్‌లకి వాడేది. ఎక్స్ఛేంజ్ వాళ్లు ఇక్కడి బ్యాంకు ద్వారా రూపాయల్లో వేయిస్తారు కాబట్టి వాళ్లకి అది చాలు. విదేశీ బ్యాంకు నుంచి నేరుగా రావాలంటే స్విఫ్ట్ కోడ్ కావాలి. బిక్ అన్నా అదే. స్విఫ్ట్ అంటే 1973లో బెల్జియంలో బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంస్థ. అది డబ్బు మోయదు, బ్యాంకుల మధ్య మెసేజ్‌లు మాత్రమే మోస్తుంది.

అసలు తికమక ఇక్కడే. ఐఎఫ్ఎస్‌సికి 11 అక్షరాలు, స్విఫ్ట్‌కి 8 లేదా 11. స్టేట్ బ్యాంక్‌కి రెండిట్లోనూ మొదటి నాలుగు ఎస్‌బీఐఎన్ అనే ఉంటాయి. మీరు చూడాల్సింది ఐదో అక్షరం. ఐఎఫ్ఎస్‌సిలో అది ఎప్పుడూ సున్నా. స్విఫ్ట్‌లో ఐదు, ఆరు కలిపి దేశం, మనకి ఐఎన్. తర్వాతి రెండు ఊరు, స్టేట్ బ్యాంక్‌కి బీబీ, అంటే ముంబై. చివరి మూడు బ్రాంచ్. అవి లేకపోయినా, మూడు ఎక్స్‌లు ఉన్నా హెడ్ ఆఫీస్ అన్నమాట.

తమ్ముడు ఆగలేదు. గూగుల్‌లో దొరికిన కోడ్ కొట్టేశాడు. అది విలీనానికి ముందు బ్యాంకుది! 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్, సిండికేట్ లాంటివి వేరే బ్యాంకుల్లో కలిసిపోయాయి కదా, పాత కోడ్‌లు నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రెండు వారాల తర్వాత డబ్బు ఛార్జీలు కట్ అయి వాడికే వెనక్కి పోయింది. ఈలోగా చిన్నాన్న వడ్డీకి తెచ్చి స్లాబ్ వేయించాడు.

మన ఊళ్లలో చాలా బ్రాంచ్‌లకి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. కంగారు పడకండి, బ్రాంచ్‌లో అడిగితే ఏ కోడ్ ఇవ్వాలో చెప్తారు. దాంతోపాటు ఐఎఫ్ఎస్‌సి, అకౌంట్ నంబర్, పాస్‌బుక్‌లో ఉన్నట్టే పేరు పంపండి. యాప్ ఐబాన్ అడిగితే? కువైట్‌లో ఉంది, మనకి లేదు, అకౌంట్ నంబరే. డబ్బులు రావడానికి ఓటీపీ చెప్పమంటే మాత్రం ఫోన్ పెట్టేయండి.

రెండోసారి నాలుగు రోజుల్లో పడ్డాయి. పిన్ని ఆ కోడ్‌ని పాస్‌బుక్ అట్ట మీద పెన్నుతో రాసిపెట్టుకుంది.