వార్తల్లో పదం: ఫేషియల్ రికగ్నిషన్

కెమెరాకు చిక్కిన ముఖాన్ని అంకెల్లోకి మార్చి, పోలీసుల దగ్గరున్న ఫొటోలతో పోల్చే సాఫ్ట్‌వేర్ ఇది. తెలంగాణ పోలీసులు 2018లో దీన్ని టీఎస్‌కాప్ యాప్‌లో చేర్చారు. అది ‘ఇతనే’ అని తేల్చదు, పోలిక ఎంతో చెబుతుంది, అంతే.

పోలిక ఎంత ప్రమాదమో మెదక్‌ను అడగాలి. 2023 జనవరిలో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన వ్యక్తిలా ఉన్నాడని పట్టణానికి చెందిన ఓ దినకూలీని పోలీసులు పట్టుకెళ్లారు. తర్వాత వదిలేశారు. ఫిబ్రవరిలో ఆయన హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. స్టేషన్‌లో చిత్రహింసలు పెట్టారని కుటుంబం ఆరోపించింది. హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. పోలికనే రుజువనుకోవడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదన్నమాట. దానికి ‘కంప్యూటరే చెప్పింది’ అన్న ధీమా తోడైతే కూలీ మాట వినేదెవరు?

లాక్‌డౌన్‌లో పోలీసులు మాస్కు తీయించి తన ఫొటో తీశారంటూ హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ సాంకేతికతనే హైకోర్టులో సవాలు చేశారు. భద్రత కోసమే అంటుంది సర్కారు. కావచ్చు. తప్పు జరిగితే జవాబుదారీ ఎవరో మాత్రం చెప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వీలు ఉంచింది. ముఖ గుర్తింపు కోసమంటూ దేశంలో ప్రత్యేక చట్టమే లేదు.