వెళ్లిపోయినవాడి నంబరు

లైబ్రరీ లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించే పని సారు నాకు అప్పజెప్పారని మీకు తెలుసు. అందులో నేను చేసిన ఒక తప్పు వల్ల కొత్తగా చేరిన ఆరో తరగతి తమ్ముడొకడు ఒక రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. అది ఎలా జరిగిందో రాస్తున్నాను.

మన లెక్కలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఉన్నాయి. అందులో టేబుల్ అంటే మన రిజిస్టరు లాంటిదే. గళ్లుంటాయి, వరసలుంటాయి. వరస నంబరు మాత్రం మనం వెయ్యక్కర్లేదు, అదే వేసుకుంటుంది. దీన్ని ఆటో ఇంక్రిమెంట్ అంటారు.

పనిచేస్తుందో లేదో చూద్దామని మొదట 12 ఉత్తుత్తి పేర్లు ఎక్కించాను. (సినిమా హీరోలవే, నవ్వకండి.) అవి డిలీట్ చేసి అసలు పేర్లు మొదలుపెడితే మొదటి పేరుకే 13 పడింది! వార్డెన్ సారు చూసి "ముందు పన్నెండు మంది ఏరిరా?" అన్నారు. పన్నెండు మంది తక్కువంటే ఏ వార్డెనుకైనా గుండె దడే కదా.

సంగతేమంటే, డేటాబేస్ ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టి నంబరు వెయ్యదు. తర్వాత ఇవ్వాల్సిన నంబరును విడిగా గుర్తుపెట్టుకుంటుంది. వెనకటి బస్సుల్లో కండక్టరు దగ్గర టికెట్ల కట్ట ఉండేది. టికెట్టు కొన్న మనిషి దిగిపోయినా కట్టలో తర్వాతి నంబరే పైకొస్తుంది గానీ చింపింది మళ్లీ రాదు. ఇదీ అంతే. పేరు ఎక్కించేటప్పుడు మధ్యలో ఏదో తప్పొచ్చి ఆగిపోయినా ఆ నంబరు ఖర్చయిపోవచ్చు. కాబట్టి నంబర్ల మధ్య ఖాళీ కనబడితే ఏదో పోయిందని కంగారు పడక్కర్లేదు. నంబర్లు అయిపోతాయనే భయం కూడా వద్దు. మామూలు గడిలోనే 214 కోట్ల దాకా పడతాయి.

మళ్లీ 1 నుంచి రావాలంటే ట్రంకేట్ అనే కమాండు ఉంది. అది టేబుల్ మొత్తం ఊడ్చేసి నంబరును 1కి తెస్తుంది. కొట్టాక వెనక్కి రాదు, జాగ్రత్త. రెండోది 'ఆల్టర్ టేబుల్' అని, టేబుల్ పేరు రాసి, 'ఆటో ఇంక్రిమెంట్ = 1' అని కొట్టడం. ఇది వరసల్ని ముట్టుకోదు. టేబుల్లో అప్పటికే 50 దాకా నంబర్లుంటే, మనం 1 అన్నా 51 దగ్గరే నిలబడుతుంది. నేను 13 పడిన పేరు కూడా తీసేసి ఇది కొట్టాను. అంతవరకు తప్పేం లేదు, ఆ నంబర్లు అప్పటికి ఎవరూ వాడలేదు.

తప్పు తర్వాత చేశాను. అందరికన్నా చివరి నంబరు 214 ఉన్న అన్న టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. పేరు డిలీట్ చేశాను. లిస్టులో ఖాళీ ఉండకూడదని అదే కమాండు కొట్టి నంబరును 214కి తెచ్చాను. మర్నాడు చేరిన తమ్ముడికి 214 పడింది. అయితే పుస్తకాలు ఎవరికిచ్చామో రాసే టేబుల్ వేరే ఉంది. అందులో పేర్లుండవు, నంబర్లే. ఆ అన్న తిరిగివ్వని రెండు పుస్తకాలు 214 మీదే ఉండిపోయాయి. తమ్ముడి పేరు కొడితే రెండు బాకీ అని చూపించింది.

"పుస్తకాలేవిరా?" అని అడిగితే వాడు తలూపాడు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లాడు, వచ్చి రెండు రోజులు. తెలుగులో ఏం చెప్పాలో తెలియలేదు. తలూపాడు గనక తీసుకున్నాడనే అనుకున్నాం. రాత్రి పక్క మంచం అన్న వాడి భాషలో అడిగి నాకొచ్చి చెప్పాడు. వెళ్లి చూస్తే, పుస్తకాలిచ్చిన తేదీ వాడు బడిలో చేరక ముందుది!

నేను కమాండు కొట్టకపోయినా ఇలా జరిగే వీలుంది. 2018లో వచ్చిన 8.0 కన్నా పాత మైఎస్‌క్యూఎల్ అయితే కరెంటు పోయి మళ్లీ ఆన్ చేసినప్పుడు, టేబుల్లో మిగిలిన పెద్ద నంబరు చూసుకుని దాని తర్వాతిది ఇస్తుంది. డిలీట్ చేసిన చివరి నంబరు అలా ఇంకొకరికి పోతుంది. మన దగ్గర కరెంటు సంగతి చెప్పాలా?

ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టరు చూశాను. టీసీ తీసుకున్నవాళ్ల పేర్లు అలాగే ఉన్నాయి, వాళ్ల నంబరు ఇంకొకరికి ఇవ్వలేదు. ఇప్పుడు నేనూ పేర్లు డిలీట్ చెయ్యట్లేదు, 'వెళ్లిన తేదీ' అని ఒక గడి పెట్టాను. రెండు టేబుళ్లను ఫారిన్ కీతో కట్టాను. పుస్తకం బాకీ ఉన్న పేరును తీయబోతే డేటాబేసే ఒప్పుకోదు.

తమ్ముడికి 215 ఇచ్చాం. 214లో అన్న పేరు మళ్లీ ఎక్కించాను. ఆ రెండు పుస్తకాల కోసం అన్న ఊరికి కబురు పంపాం, ఇంకా జవాబు రాలేదు.