రెండున్నర సెంట్లలో మేడ: గోడ దగ్గర తగవు

తండ్రి కాలంలో అది 5 సెంట్ల స్థలం. మధ్యలో పెంకుటిల్లు, చుట్టూ దొడ్డి, వెనుక నుయ్యి. కొడుకులిద్దరూ పంచుకునేసరికి చెరి రెండున్నర సెంట్లు వచ్చింది. 40 అడుగుల వెడల్పు కాస్తా 20 అడుగులైంది. అందులో రెండు పక్కలా 3 అడుగుల చొప్పున సందు వదిలితే ఇంటికి మిగిలేది 14 అడుగులే. అందుకే పల్లెల్లో ఇప్పుడు పునాది హద్దు మీదనే పడుతున్నది, మేడ పైకి లేస్తున్నది.

కట్టుకునేవారిది అత్యాశ అని కొట్టిపారేయలేము. పెళ్లయిన కొడుక్కి గది కావాలి. వేరే స్థలం కొనే తాహతు లేదు. పొరుగువారి బాధ కూడా నిజమే. మేడ మీది వాన నీరు గొట్టం గుండా వారి గోడ మొదట్లో పడుతుంది. మట్టిగోడ నానిపోతుంది. సజ్జా వారి స్థలం మీదికి చొచ్చుకు వస్తుంది. కిటికీకి ఎదురుగా గోడ లేవడంతో పట్టపగలే దీపం వేసుకోవలసి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం (1994) ప్రకారం ఇల్లు కట్టే ముందు పంచాయతీ అనుమతి పొందాలి. ఇంటిపన్ను కడుతున్నాము కదా అంటే చెల్లదు. పన్ను రసీదు అనుమతి పత్రం కాదు. అనుమతికి విరుద్ధమైన కట్టడం ఏళ్లు గడిచినంత మాత్రాన సక్రమం కాబోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న స్పష్టం చేసింది.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం పొరుగువారికి కొంత రక్షణ కల్పిస్తున్నది. ఒక ఇంటికి 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా గాలి, వెలుతురు వస్తూ ఉంటే అది హక్కు అవుతుంది. అడ్డు కలిగిన 2 ఏళ్ల లోపు కోర్టుకు వెళ్లాలి. కొద్దిపాటి వెలుతురు తగ్గితే చాలదు, గణనీయమైన నష్టం జరిగినట్లు చూపాలి. నిన్న మొన్న కట్టిన ఇంటికి ఈ హక్కు రాదు.

తగవు ముదరడానికి మరో కారణం హద్దులు తేలకపోవడం. గ్రామకంఠంలోని ఇళ్ల స్థలాలకు, పొలాలకు ఉన్నట్లు, విడివిడిగా కొలతలు నమోదు కాలేదు. ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించి, డ్రోన్లతో ఊళ్లలోని ఇళ్ల స్థలాలను కొలిపించడం మొదలుపెట్టింది.

ముగ్గు పోసే రోజునే పొరుగువారిని పిలిచి, సర్వేయరు సమక్షంలో తాడు పట్టించడం మంచిది. వాన నీటి గొట్టం, మెట్లు, సజ్జా ఎటు వచ్చేదీ అప్పుడే కాగితం మీద రాసుకోవాలి. ముగ్గు చెరిపి మళ్లీ పోయవచ్చు గాని, కట్టిన గోడ పడగొట్టడం ఇరువర్గాలకూ నష్టమే. గోడలు లేచాక నోటీసులు ఇచ్చే బదులు పునాది దశలోనే వచ్చి చూడవలసిన బాధ్యత పంచాయతీల మీద ఎంతైనా ఉన్నది.