పొడవాటి చదువు బల్ల

8 అడుగుల బల్ల ఒకటుంటే ఇరువైపులా 8 మందిమి కూర్చొని చదువుకోవచ్చు. టేకు మన స్తోమతకు అందదు, పైన్ చెక్క చాలు. వానాకాలంలో మేము చేసిన మొదటి బల్ల ఏప్రిల్‌కు నడిమధ్య పగిలింది. చెక్కను తిట్టుకున్నాం గాని తప్పు మాదే.

చెక్క వానలకు తేమ పీల్చి ఉబ్బుతుంది, గట్టు ఎండలకు ముడుచుకుంటుంది. పొడవులో దాదాపు మార్పుండదు, అంతా వెడల్పులోనే. రెండున్నర అడుగులకు పావు అంగుళం దాకా తేడా రావచ్చు. మేమేమో అడుగున అడ్డపట్టీలకు ఫెవికాల్ పూసి మేకులు దిగ్గొట్టాం. కదలనివ్వకపోతే పగలక ఏం చేస్తుంది?

6 అంగుళాల పలకలు 5 తెచ్చి, కొన్ని వారాలు గదిలోనే సందులు వదిలి పేర్చి ఉంచాలి. అంచులు చిత్రిక పట్టి, రెండేసి ఆనించి వెలుతురుకు చూస్తే సందు కనపడకూడదు. ఫెవికాల్ ఆ అంచులకే. క్లాంపులు లేకుంటే తాడు చుట్టి, కర్రతో మెలిపెట్టి రాత్రంతా ఉంచినా సరే. అడ్డపట్టీకి నడిమి రంధ్రం గుండ్రంగా, మిగతావి పట్టీ పొడవునా సాగినట్టు కోలగా వేసి, వాషర్లు పెట్టి స్క్రూలు బిగించాలి. అంగుళం మందమైతే నడుమ మూడో జత కాళ్లు తప్పవు, లేకుంటే కుంగుతుంది. వార్నిష్ పైనా కిందా వేయాలి. ఒక వైపే వేస్తే పలక వంకర తిరుగుతుంది. సిరా మరకలు ఎలాగూ ఆగవు.