దీపాలు వెలుగుతాయి, బండి కదలదు!

గాంధారి నుంచి తెల్లవారకముందే కామారెడ్డి ఆసుపత్రికి బయల్దేరాలి. వెనుక సీట్లో రోగిని కూర్చోబెట్టారు. తాళం తిప్పితే కారు 'టకటక' మని ఊరుకుంది. "దీపాలు దివ్యంగా వెలుగుతున్నాయి కదా, బ్యాటరీకేం లోటు?" అంటారు ఇంటి పెద్దలు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. (రోగి స్థితి బాగాలేకపోతే మాత్రం ముందు 108కి ఫోను చేయండి, బండి సంగతి తర్వాత.)

ముందు దీపాలు రెండింటికీ కలిపి సుమారు 9 ఆంపియర్ల కరెంటు చాలు. ఇంజనును తిప్పే స్టార్టరుకు, అంటే మనవాళ్ళ 'సెల్ఫు'కు, ఒక్కసారిగా 100 ఆంపియర్లకు పైగా కావాలి. చలికాలంలో మరీ ఎక్కువ. దీపాలను పోషించే బ్యాటరీ సెల్ఫును పోషించలేకపోవచ్చు.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. గేరు తీసి, క్లచ్చి పూర్తిగా తొక్కి, దీపాలు వేసి, ఎదుటి గోడ మీది వెలుగును చూస్తూ తాళం తిప్పండి. వెలుగు కొడిగడితే బ్యాటరీ నీరసించిందన్నమాట. లేదా దాని కొనల దగ్గర తీగలు వదులై చిలుము పట్టిందన్నమాట. రెండోదైతే కొత్త బ్యాటరీ కొనడం శుద్ధ దండగ. తాళం తీసేసి, మొదట మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పి, వంటసోడా నీళ్ళతో కొనలను శుభ్రం చేసి తుడవండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

వెలుగు చెక్కుచెదరక సెల్ఫు మూగబోతే, లోపం సెల్ఫుదో దాని స్విచ్చిదో, మెకానిక్కు రావలసిందే. సెల్ఫు చురుగ్గా తిరిగినా ఇంజను అందుకోకపోతే పెట్రోలు చూసుకోండి.

1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు రాకముందు హాండిలు తిప్పి చేతులు విరగ్గొట్టుకున్నవారున్నారు. మనకా బాధ లేదు. బ్యాటరీ నీరసమే అయితే, చేత్తో గేర్లు వేసే బండిని రెండో గేరులో నలుగురు తోస్తే చాలాసార్లు అందుకుంటుంది. ఆటోమేటిక్కు బండికి ఆ ఉపాయం పనిచేయదు.