మీకు తెలుసా? పద్దెనిమిదేళ్లు ఎగిరిన డ్రాగన్

1972లో ఒక నవల చివర హీరోను వీపున ఎక్కించుకుని ఎగిరిన డ్రాగన్, 1990లో వచ్చిన తరువాయి నవలలో గానీ నేల మీద వాలలేదు.

రచయిత్రి అర్సులా కె. లెగ్విన్. కథాలోకం ‘ఎర్త్‌సీ’ అనే దీవుల సముదాయం. హీరో గెడ్ అక్కడి మాంత్రికులందరికీ పెద్ద. ‘ద ఫార్దెస్ట్ షోర్’ నవలలో లోకాన్ని కాపాడే క్రమంలో తన శక్తి మొత్తం ధారపోసి, డ్రాగన్ మీద సొంత దీవి గాంట్‌కు బయలుదేరతాడు. పాఠకులకు పద్దెనిమిదేళ్లు గడిచాయి కానీ కథలో గడిచింది ఆ ఒక్క ప్రయాణమే. తరువాయి నవల ‘టెహాను’లో డ్రాగన్ అతన్ని స్పృహలేని స్థితిలో తెచ్చి దించుతుంది.

అభిమాన హీరో తిరిగొస్తే పాత ప్రతాపం చూపిస్తాడని ఎవరైనా ఎదురుచూస్తారు. లెగ్విన్ అతనికి ఒక్క మంత్రం కూడా తిరిగివ్వలేదు. చిన్నప్పుడు మేకలు కాసిన గెడ్ మళ్లీ కొండెక్కి మేకలే కాస్తాడు. తానెవరో తనకే తెలియని సిగ్గులో నలుగుతాడు. ఈసారి కథ నడిచేది కూడా అతని చూపులోంచి కాదు. ఎర్త్‌సీ వరుసలో రెండో నవల నాయిక టెనార్ ఇప్పుడు నడివయసు వితంతువు, పొలం చూసుకుంటూ బతుకుతోంది. కథంతా ఆమెదే. పేరున్న హీరో విషయంలో ఇంత తెగువ చూపిన రచయితలు అరుదు. ‘టెహాను’కు ఉత్తమ నవలగా నెబ్యులా అవార్డు వచ్చింది.

‘టెహాను’ అట్ట మీద ‘ఎర్త్‌సీ చివరి పుస్తకం’ అని వేశారు. అయినా 2001లో మరో రెండు పుస్తకాలు వచ్చాయి. గెడ్ అంతిమ ఘడియల కథ ‘ఫైర్‌లైట్’ 2018లో, రచయిత్రి మరణించిన కొన్ని నెలలకు ‘పారిస్ రివ్యూ’లో అచ్చయింది.