ఆపరేషన్‌కు ముందు ఆ మాత్రల సంగతి చెప్పండి

నడుం నొప్పికో, మోకాళ్ల నొప్పికో మీ ఇంట్లో పెద్దవారు ఏళ్ల తరబడి ట్రమడాల్ వాడుతున్నారా? వారికి ఆపరేషన్ పడితే ఆ సంగతి ముందుగా తెలియాల్సింది మత్తు డాక్టరుకు. మనవాళ్లు దాచేదీ సరిగ్గా ఆయన దగ్గరే!

కారణం సిగ్గు. 'మా అబ్బాను మత్తుకు అలవాటు పడ్డ మనిషి అనుకుంటారేమో' అని భయం. డాక్టరు రాసిన మందుకు ఒళ్లు అలవాటు పడటం వేరు, మత్తు కోసం వెంపర్లాడటం వేరు. ఏదైనా సరే, దాచితే నష్టం రోగికే. నల్లమందు జాతి మందులకు అలవాటైన ఒంటికి మామూలు మోతాదు చాలదు. ఇంజెక్షన్ ఇచ్చినా ఆయన మూలుగుతూనే ఉంటారు. 'ఓర్పులేని మనిషి' అని వార్డులో పేరు పడుతుంది. ట్రమడాల్ చిన్న మాత్రేం కాదు, 2018లో కేంద్రం దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది.

ఏనుగుల క్యాంపున్న మన కమలాపూర్ నుంచి పెద్ద ఆపరేషన్‌కు చంద్రాపూర్ వెళ్లినా, ప్రాణహిత దాటి మంచిర్యాల వెళ్లినా అక్కడి డాక్టరుకు మీ పాత వైద్యం తెలియదు. మందుల పేర్లు నోటితో చెబితే చాలదు, ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకెళ్లండి.

హకీం ఇచ్చిన డబ్బా కూడా. బర్షాషా అనే మాజూన్ పాత యోగంలో అఫ్యూన్ ఉంది. అఫ్యూన్ అంటే నల్లమందే. నొప్పిని మొద్దుబార్చడంలో దాని బలాన్ని ఇబ్నె సీనా దాదాపు వెయ్యేళ్ల కిందటే 'అల్ ఖానూన్'లో రాశారు. దేశీ మందే కదా అని లెక్కలోంచి తీసేయకండి.

తేదీ దగ్గరపడిందని మాత్రలు మీకు మీరే మానకండి. ఒక్కసారిగా మానితే చెమటలు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, నొప్పీ పెరుగుతుంది. మత్తు మాన్పించే కేంద్రంలో బుప్రినార్ఫిన్ తీసుకుంటున్నవారికి పూర్వం ఆపరేషన్‌కు ముందు ఆపించేవారు, ఇప్పుడు చాలామందికి కొనసాగిస్తున్నారు. నాల్ట్రెక్సోన్ సంగతి వేరు. అది నొప్పి మందును పనిచేయనివ్వదు, కనుక మాత్రలైతే సాధారణంగా రెండు మూడు రోజుల ముందే డాక్టరు ఆపిస్తారు. పెంటాజోసిన్ ఇంజెక్షన్ కూడా ఇలాంటి రోగికి మేలు చేయకపోగా మత్తు విడిచిన బాధలన్నీ తెచ్చిపెట్టవచ్చు.

ముందే తెలిస్తే డాక్టరు చేతిలో మార్గాలు చాలానే ఉన్నాయి. నరానికి తిమ్మిరి ఇంజెక్షన్, వెన్నులో మత్తు, వేళకు పారాసిటమాల్, కొద్ది మోతాదులో కెటమిన్. రోజూ వాడే మందు అలాగే ఉంచి వీటిని తోడు చేస్తారు.

ఇంటికి పంపేముందు అడగండి: ఇకపై మాత్రలు రాసేది ఎవరు, ఎన్ని రోజులు, ఎలా తగ్గించాలి? కొన్ని వారాలు మానినవారు మళ్లీ పాత మోతాదు వేసుకుంటే ఊపిరి ఆగే ప్రమాదముంది. నిద్రమాత్రలు, కల్లు తోడైతే మరీను. గురక వింతగా మారి, పిలిచినా పలకకపోతే తెల్లవారనివ్వండి అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.